పొద్దుటి తాళం చప్పుడు

మా ఇంట్లో రాత్రి భోజనం పొద్దున్న ఎనిమిదింటికి జరిగేది. మా ఆయన డాక్టరు. డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్కువగా రాత్రి డ్యూటీలే చేసేవాడు. డబ్లిన్ పక్క ఊరు మెయ్‌నూత్‌లో మా అద్దె ఇంటికి ఆయన తిరిగొచ్చే వేళకి ఊళ్ళో జనమంతా టోస్టు ముక్క నోట్లో పెట్టుకుని రైలు కోసం పరిగెడుతుంటారు. మేము మాత్రం వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ, చివర్న పెరుగూ పెట్టుకుని తీరిగ్గా కూర్చునేవాళ్ళం. ముగ్గురం కలిసి తినేది ఆ ఒక్క పూటే. పొద్దున్నేం తిన్నారని బడిలో టీచరు అడిగితే పిల్లలందరూ సీరియల్ అన్నారట, మా అమ్మాయి అన్నం, పప్పు, మామిడికాయ పచ్చడి అందట. ఆ టీచరు నాకు ఫోన్ చేసి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని చాలా మెత్తగా అడిగింది. బాగానే ఉందమ్మా, మా ఇంట్లో పొద్దు తిరగబడి ఉంటుంది, అంతే అన్నాను.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా వీధి తలుపు తాళం చప్పుడయ్యేది. ఆ తాళానికో రోగం. తాళంచెవి పెట్టి కాస్త పైకెత్తి తిప్పితే గాని తిరగదు. ముందు గరగరమని గీరుకుని, తర్వాత టక్కున పడుతుంది. ఇంటి ఓనరుకి చెప్పి బాగుచేయించమని నేను, ఎందుకులే పనిచేస్తోందిగా అని ఆయన, ఏళ్ళ తరబడి అదే గొడవ. తాళం పడ్డాక గుమ్మం మెట్టుకేసి బూట్లు రెండుసార్లు కొట్టేవాడు, మట్టి రాలడానికి. అది వినపడగానే నేను పప్పులో పోపు వేసేదాన్ని.

జూలై చివర్లో ఒక పొద్దున్న ఆ చప్పుడు రాలేదు. డ్యూటీ ముగించుకుని, ఆసుపత్రి కారు పార్కులో కారెక్కి కూర్చున్నాడట. అంతే. గుండె. ఎవరి తప్పూ లేదు, ఎవరూ చూడలేదు. మా తలుపు తట్టింది గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఒకావిడ, ఒకాయన. టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. పోలీసులు గుమ్మంలో నిలబడి టోపీ తీస్తే ఇంక వాళ్ళేమీ చెప్పక్కర్లేదు. నాకు మాత్రం తట్టింది ఒక్కటే, స్టౌ మీద పప్పు అడుగంటుతోందని. "ఒక్క నిమిషం" అని వాళ్ళని గుమ్మంలోనే వదిలేసి లోపలికెళ్ళి స్టౌ ఆపొచ్చాను. ఆ రోజు నుంచి నాకు ఏమీ అనిపించడం మానేసింది.

ఆసుపత్రి వాళ్ళు ఆయన వస్తువులు ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చారు. వాచీ, పర్సు, ఫోను, తాళాల గుత్తి. ఆ సంచి హాల్లో ప్రెస్ మీద పెట్టాను. అంటే అల్మారా మీద. ఇక్కడ ఇన్నేళ్ళుండి నాకూ అదే మాట వస్తుంది. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

స్వోర్డ్స్ నుంచీ, డబ్లిన్ నుంచీ తెలుగువాళ్ళు డబ్బాల్లో పులిహోర, చారు పట్టుకుని వచ్చారు. ఏ దేశమెళ్ళినా మనవాళ్ళు చావింటికి చారు తేవడం మర్చిపోరు, ఆ విషయంలో వంక పెట్టడానికి లేదు. కాకినాడ నుంచి అత్తయ్యగారు వచ్చారు. మూడు నెలలకి వీసా. కొడుకు పోయిన మనిషి, అంత దూరం ఒక్కతే విమానం ఎక్కి వచ్చి, గుమ్మంలో నన్ను పట్టుకుని భోరుమన్నారు. నేను ఆవిడ వీపు నిమురుతూ, ప్రయాణం బాగా జరిగిందా అండీ అని అడిగాను.

"ఏడవ్వే తల్లీ," అనేవారు రోజూ. "ఏడిస్తే బరువు దిగుతుంది. లోపలే పెట్టుకుంటే గుండె బండబారిపోద్దే."

ప్రయత్నించాను. నిజంగా. బాత్రూంలో తలుపేసుకుని, అద్దంలో చూసుకుంటూ, ఆయన పోయాడు, ఆయన పోయాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. వాతావరణ వార్తలు చదివినట్టు ఉంది. నాకు ఏడుపు రావడం లేదని చూసి ఆవిడ నా వంతు కూడా తనే ఏడ్చేవారు.

పొద్దున్న లేవడం మానేశాను. ఎందుకు లేవాలో తెలియలేదు. మధ్యాహ్నం దాకా పడుకునేదాన్ని. అత్తయ్యగారికి అన్నీ కొత్త, ఆ స్టౌ వెలిగించడమే భయం. పిల్లకి అప్పుడు పదకొండేళ్ళు, తనే బ్రెడ్డు కాల్చుకుని నానమ్మకి ఇంత పెట్టి తను ఇంత తినేది. అది కూడా నాకు తర్వాత అత్తయ్యగారు చెబితే తెలిసింది.

బడులు తెరిచిన వారంలో ఒక పొద్దున్న, మంచం మీద కళ్ళు మూసుకుని ఉండగా కింద చప్పుడైంది. గరగరా. టక్. కాస్సేపాగి మెట్టు మీద బూట్ల దెబ్బలు రెండు. నేను లేచాను. ఆలోచించలేదు, కాళ్ళే లేచాయి. మెట్లు దిగి, బియ్యం కడిగి, కందిపప్పు కుక్కర్లో పడేశాను. ఎసరు మరిగే దాకా నాకు గుర్తే రాలేదు, వచ్చేవాడు లేడని. హాల్లోకి వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. అమ్మాయి మాత్రం యూనిఫాం వేసుకుని, తల దువ్వుకుని, డైనింగు బల్ల దగ్గర కూర్చుని ఉంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే, అదీ ఈ ఊరి యాసతో. ఆకలేస్తోందమ్మా అంది. పెట్టాను, తింది.

ఇంకొకరైతే హడలిపోయి తాయెత్తు కట్టించుకునేవారు. నేను భయపడలేదు. ఎందుకు భయపడలేదో తెలియాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

నేను ఇక్కడి విశ్వవిద్యాలయంలో మొక్కల కణాల్లో గడియారం ఎలా నడుస్తుందో చూసే పరిశోధకురాలిని. "మొక్కకి గడియారమేంటే, విడ్డూరం కాకపోతే!" అని అత్తయ్యగారు పెళ్ళయిన కొత్తలో నవ్వేవారు. ఆవిడే సందె దాటాక నేను కరివేపాకు రెమ్మ తుంచబోతే, చెట్లు పడుకున్నాయి ముట్టుకోకు అని చెయ్యి పట్టుకుని ఆపేవారు. చెట్టు పడుకుంటుందని నమ్మే మనిషికి దానికో గడియారం ఉంటే వచ్చిన విడ్డూరమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

మేం పెంచేది ఆవమొక్కకి దూరపు చుట్టమైన ఒక కలుపు మొక్క. జానెడెత్తు, నూకల్లాంటి తెల్ల పూలు. కూరకీ పనికిరాదు, పూజకీ పనికిరాదు. కాని దాని ప్రతి కణంలోనూ రోజుని కొలిచే ఏర్పాటు ఉంది. తెల్లవారే వేళకి రెండు జన్యువులు మేలుకుని తమ ప్రొటీన్లు తయారుచేస్తాయి. ఆ వేకువ ప్రొటీన్లు వెళ్ళి సాయంత్రపు జన్యువు మీద కూర్చుని దాన్ని లేవనివ్వవు. పొద్దెక్కేకొద్దీ అవి అరిగిపోతాయి, కొత్తవి రావు. అప్పుడు సాయంత్రపు జన్యువు లేచి తన ప్రొటీన్ తను చేసుకుంటుంది. అది వెళ్ళి వేకువ జన్యువుల నోరు మూయిస్తుంది. ఒకే వంటింట్లో అత్తా కోడళ్ళలాగా, ఒకరు గరిటె పట్టుకుంటే రెండోవారు బయటికి నడవాల్సిందే. ఇంకా బోలెడన్ని జన్యువులున్నాయి ఇందులో, కాని అసలు సంగతి ఇదే.

అందులోనూ ముఖ్యమైనది పుట్టించడం కాదు, పోగొట్టడం. సాయంత్రపు ప్రొటీన్ తన పని అయ్యాక పోవాలి. అది పోతే గాని వేకువ రాదు. దాన్ని సాగనంపే పని ఇంకో ప్రొటీన్‌ది. పగలు నీలి వెలుతురు తగిలినంతసేపూ అది వేరొకదానితో జతకట్టి ఊరికే కూర్చుంటుంది. చీకటి పడ్డాక విడివడి, సాయంత్రపు ప్రొటీన్‌కి పారేయమని గుర్తు తగిలిస్తుంది. గుర్తు పడినదాన్ని కణం ముక్కలు ముక్కలు చేసేస్తుంది. నేను పెంచే రకంలో ఆ సాగనంపే ప్రొటీన్ పాడైపోయి ఉంటుంది. వాటికి సాయంత్రం ఒక పట్టాన వదలదు. అందుకని వాటి రోజు మన రోజు కంటే రెండు మూడు గంటలు పొడుగు.

ఈ గడియారానికి సూర్యుడు కావాలి, కాని నడవడానికి కాదు, రోజూ సరిచేసుకోవడానికి. మొక్కని తీసుకెళ్ళి రాత్రీ పగలూ లేని గదిలో, ఎప్పుడూ ఒకే మసక ఎర్ర దీపం కింద పెట్టినా, అది తెల్లవారబోతోందనుకునే వేళకి వేకువ జన్యువు లేస్తుంది. దానికి మిణుగురు పురుగు జన్యువొకటి తగిలించి ఉంచుతాం. లేచినప్పుడల్లా మొక్క మన కంటికి ఆననంత సన్నగా మెరుస్తుంది, కెమెరా ఆ మెరుపుని లెక్కపెడుతుంది. సూర్యుడు రాడు. మొక్క మాత్రం ఆయన వస్తాడని రోజూ తయారై కూర్చుంటుంది.

కాబట్టి తాళం చప్పుడు వినపడిన పొద్దున్న నా రోగం నేనే తేల్చుకున్నాను. నా ఒంట్లో గడియారం ఇన్నేళ్ళుగా ఆ చప్పుడికి అలవాటు పడింది. చప్పుడు ఆగిపోయినా అది ఆగదు, ఎదురు చూస్తూనే ఉంటుంది. ఆ ఎదురుచూపే నా చెవిలో మోగుతోంది. జీపీ దగ్గరికి, అంటే మా ఊరి డాక్టరమ్మ దగ్గరికి, వేరే పని మీద వెళ్ళినప్పుడు ఆ ముక్క చెప్పాను. పోయినవాళ్ళ అడుగుల చప్పుడు వినపడడం చాలా మందికి ఉంటుంది, కంగారు పడకండి అంది. కంగారు ఎక్కడిది నాకు? ఎలా ఉన్నారు అని అడిగితే గ్రాండ్ అన్నాను. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పగా అని కాదు, బానే ఉన్నాను వదిలెయ్ అని. మూడు నెలలు నేను ఆ ఒక్క మాట మీదే బతికాను.

రోజూ అదే వేళకి చప్పుడు వచ్చేది. శని ఆదివారాలు కూడా. అత్తయ్యగారు పడుకునేటప్పుడు చెవి మిషను తీసేస్తారు, ఆవిడకి పిడుగు పడ్డా వినపడదు. అమ్మాయిని అడగలేదు, దానికెందుకు లేనిపోని భయం అని. చప్పుడు రాగానే లేచి బియ్యం పోసేదాన్ని. చెయ్యి పాత లెక్కనే, ఆయన వంతు కూడా పోసేసేది. మిగిలిన అన్నం సాయంత్రం పులిహోర కలిపేవాళ్ళం. అన్ని సాయంత్రాలూ పులిహోరే.

అన్నం పెడుతూ పొద్దున్నే అమ్మాయి మీద అరవడం ఒకటి. దాని మేజోళ్ళెప్పుడు చూసినా తడి. నేల మీద తడి అడుగులు. "ఇంట్లో ఉండి మేజోళ్ళెలా తడుపుతావే? జలుబు చేస్తే ఎవరు చూస్తారు?" అనేదాన్ని. "సారీ అమ్మా," అనేది. వాటిని విప్పి గది వెచ్చబెట్టే రేడియేటర్ మీద పడేసి వేరేవి తొడుక్కుని బడికి పోయేది. మర్నాడు మళ్ళీ అదే. మొండిఘటం, తండ్రి పోలిక అనుకున్నాను.

అక్టోబరు వచ్చింది. అత్తయ్యగారు తిరిగి వెళ్ళే రోజు దగ్గర పడింది. ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆవిడ అన్నారు.

"అమ్మాయ్, పిల్లని నాతో పంపెయ్యవే."

"ఎక్కడికండీ?"

"కాకినాడకి. మీ ఆడపడుచు ఇంటి వెనకే మంచి స్కూలుంది. నువ్వు పనికెళ్ళాలి, వండాలి, దాన్ని చూడాలి. నీ ఒంట్లో నువ్వే లేవు. కుదుటపడ్డాక వచ్చి తీసుకెళ్దువుగాని."

"సరేనండి," అన్నాను.

ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని నా మొహంలోకి చూశారు. "సరేనా?"

"సరేనండి. మీరన్నది నిజమే."

నిజమే కదా. లెక్క వేసి చూస్తే అందులో తప్పేమీ కనపడలేదు. నా ఉద్యోగం ఒప్పందం వచ్చే ఏడాదితో అయిపోతుంది. పిల్లకి అక్కడ అత్త, మామయ్య, ఈడు పిల్లలు. ఇక్కడ నేను. పిల్ల వెళ్ళిపోతే ఇల్లెలా ఉంటుందో ఊహించుకోబోయాను, ఏమీ రాలేదు. టికెట్టు కొన్నాం. అమ్మాయికి చెప్పాను, నానమ్మతో వెళ్తావా అని. అది బల్ల మీద పెన్సిలు దొర్లిస్తూ, "గ్రాండ్," అంది. సరే, దానికి అభ్యంతరం లేదన్నమాట అనుకుని పెట్టె సర్దడం మొదలెట్టాను.

ఆ వారమే ల్యాబులో నా మొక్కలు తిక్కగా ప్రవర్తించాయి. మా ల్యాబుకి పెద్ద ఈ దేశపావిడే ఒకావిడ, రిటైరవబోయే వయసు, మాట కరుకు, మనసు మంచిది. కంప్యూటరు తెర మీద నా మొక్కల మెరుపు గీతలు చూసి ఆవిడ కళ్ళజోడు సవరించుకుంది.

"ఇవి నీ పాడైన రకమేనా?"

"అవునండీ."

"వీటి రోజు పొడుగు కదా. మరి రోజుకి ఇంత చొప్పున ఆలస్యంగా లేస్తూ పోవాలి. చూడు, రోజూ మన పొద్దుటికే ఠంచనుగా లేస్తున్నాయి."

చూశాను. నిజమే. వారాల తరబడి ఆ గీతలు నా కళ్ళ ముందే ఉన్నాయి, నాకు కనపడలేదు. కనపడినా, ఉంటే ఉండనీ అనుకున్నానేమో. గదిలో అదే పనిగా ఉంచితే కొన్నాళ్ళకి గీత చదునైపోతుందని నాకు తెలుసు. అలా చదునైతే గడియారం ఆగినట్టు కాదు. ఒక్కో కణమూ విడివిడిగా తిరుగుతూనే ఉంటుంది, ఒకదానితో ఒకదానికి పొంతన తప్పుతుంది, అంతే. పై నుంచి కలిపి చూస్తే ఏమీ లేనట్టుంటుంది. మా ఇల్లూ అలాగే ఉండేది. అత్తయ్యగారు కాకినాడ తెల్లవారుజాముకి లేచి ఏడ్చేవారు, పిల్ల ఎప్పుడేడ్చేదో తెలియదు, నాకు అసలు లేదు. కాని ఈ మొక్కల గీత చదునుగా లేదు. చక్కగా, మన లోకం లెక్కకి లేచి పడుతోంది.

"సొంత గడియారం ఇంత కచ్చితంగా మన రోజుకి సరిపోదు," అంది ఆవిడ. "బయట నుంచి ఏదో వీటికి అందుతోంది. తలుపు చూడు."

దీపాలన్నీ ఆర్పించి ఆ గదిలో బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. కటిక చీకటి. బయట వరండాలో ఆవిడ నడిచింది, మనిషి నడిస్తే వెలిగే దీపాలు వెలిగాయి. తలుపు కింద రబ్బరు పట్టీ ఊడి ఉన్న చోట నుంచి వెంట్రుక మందాన తెల్లటి వెలుతురు గీత ఒకటి లోపలికొచ్చి, సరిగ్గా కింది అర మీద నా మొక్కల మీద పడింది. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు ఆ వరండాలో నడుస్తారు. ఆ కాస్త వెలుతురు చాలింది వాటికి. నా పనంతా గంగపాలు. తలుపుని కాలితో ఒక్క తన్ను తన్నాను. మూడు నెలల్లో నాకు వచ్చిన మొదటి కోపం అది.

"తలుపునెందుకు తంతావు?" అంది ఆవిడ. "మొక్కల లోపల వెతికావు. తలుపవతల ఎవరైనా ఉన్నారేమో చూడాల్సింది."

ఆ ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. ఏటా మార్చిలో గడియారాలు ముందుకి తిప్పి తీసుకున్న గంటని అక్టోబరు చివర్న ప్రభుత్వం తిరిగి ఇచ్చేస్తుంది. నాకు అలవాటైన వేళకే మెలకువ వచ్చింది. ఫోను చూస్తే ఏడింటికి ఇంకా పది నిమిషాలుంది, అంటే నిన్నటి లెక్కన ఎనిమిదికి పది నిమిషాలు. చప్పుడు కోసం చూస్తూ పడుకున్నాను. రాలేదు. ఓహో, ఆగిపోయింది అనుకున్నాను. దిగులు కూడా వేయలేదు. కిటికీ తెర మీద కొంచెం వెలుతురొచ్చింది, పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది, నేను పైకప్పు చూస్తూ అలాగే ఉన్నాను.

ఎంతో సేపయ్యాక కింద గరగరా. టక్.

ఫోను చూశాను. కొత్త లెక్కన ఎనిమిదికి పది నిమిషాలు.

మంచం మీద లేచి కూర్చున్నాను. నా నరాలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి, నేను పెట్టుకున్న అలవాటుని బట్టి నడుస్తాయి. ప్రభుత్వం గంట వెనక్కి తిప్పిందని వాటికి ఎవరు చెప్పారు? నా లోపలి గడియారమైతే ఈ చప్పుడు గంట క్రితమే రావాలి. ఇది గోడ గడియారం చూసి చేస్తున్న చప్పుడు. తలుపవతల ఎవరో ఉన్నారు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. బూటు దెబ్బ ఒకటి వినపడింది, రెండోది పడే లోపు వీధి తలుపు లాగేశాను.

మా అమ్మాయి గుమ్మం మెట్టు మీద వంగి ఉంది. పైజామా మీద వాళ్ళ నాన్న ఉన్ని కోటు, మోకాళ్ళ దాకా. ఒక చేతిలో ఆయన తాళాల గుత్తి. ఇంకో చేతిలో ఆయన పాత బూటు, మెట్టుకేసి కొట్టడానికి ఎత్తి పట్టుకుని. కాళ్ళకి మేజోళ్ళు మాత్రమే. రాత్రంతా కురిసి మెట్టు నిండా నీళ్ళు.

"ఏం చేస్తున్నావే?"

"నథింగ్," అంది. బూటు వెనక్కి దాచుకుంది. దాని పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి?"

నిజం చెప్పడం మా అమ్మాయికి ఆలస్యమేమో గాని అబద్ధం రాదు. ఇంగ్లీషులో గబగబా చెప్పింది. బడి తెరిచిన వారం, చెత్తబుట్ట రోడ్డు మీద పెట్టడానికి వెళ్తే తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిందట. సంచిలోంచి నాన్న తాళాలు తీసి కోటు జేబులో పెట్టుకుని ఉంది కాబట్టి వాటితో తీసిందట. బూట్లకి మట్టైందని మెట్టుకేసి కొట్టిందట. అప్పుడు నేను లేచి వచ్చానట. అన్ని రోజులూ లేవని మనిషిని, లేచి వచ్చి అన్నం వండానట. మర్నాడు మళ్ళీ చేసి చూసిందట. మళ్ళీ లేచానట. "ఇట్ వర్క్‌డ్, అమ్మా," అంది, తప్పు చేసినట్టు. మెట్ల మీద చప్పుడైతే నాకు తెలిసిపోతుందని, మేజోళ్ళతో దిగి, నాన్న బూట్లు చేత్తో పట్టుకుని బయటికొచ్చేదట. రోజూ. వానలో కూడా.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. నేను వెతకను కూడా లేదు. నరాలనీ జన్యువులనీ నాకు నేనే పాఠం చెప్పుకుని, పెద్ద తెలిసినదానిలాగా, అన్నం వండి, తడి మేజోళ్ళకి తిట్టాను.

"మరి కాకినాడ వెళ్తానన్నావు కదే. గ్రాండ్ అన్నావు కదే."

అది కోటు జేబులోంచి తన పాత ఫోను తీసి మీట నొక్కింది. గరగరా. టక్. రెండు దెబ్బలు. పలచగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. నేను వెళ్ళాక రోజూ మోగేలా ఇది నీ ఫోనులో అలారం పెడదామనుకున్నాను అంది. కాని నిజం చప్పుడులా లేదు, నువ్వు కనిపెట్టేస్తావు అంది. తర్వాత, ఎప్పుడూ ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల, మాటలు కూడదీసుకుని తెలుగులో అడిగింది.

"నేను వెళ్తే, నువ్వు లేవవు కదా అమ్మా?"

"ముందా మేజోళ్ళు విప్పు," అని అరిచాను. ఆ తడి మెట్టు మీదే కూలబడ్డాను. ఏడుపు వచ్చింది. అద్దం ముందు ఎంత పిలిచినా రానిది, ఒక్కసారి కడుపులోంచి తన్నుకొచ్చింది. బిడ్డని కోటుతో సహా ఒళ్ళోకి లాక్కుని, దాని చల్లటి పాదాలు నా చేతుల్లో పెట్టుకుని, ఆయన పేరు పెట్టి ఏడ్చాను. ఎదురింటాయన కారు తలుపు తీయబోయి, మమ్మల్ని చూసి, మళ్ళీ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

అత్తయ్యగారు మెట్లు దిగి వచ్చారు, చెవిలో మిషను లేకుండా. ఏమైందో చెప్పినా వినపడదు. మా ఇద్దర్నీ చూసి, పక్కన కూర్చుని, కొంగు నా మొహానికి అడ్డం పెట్టి, "అమ్మయ్య, ఏడ్చావే తల్లీ, ఏడ్చావు," అంటూ తనూ ఏడ్చారు. ముగ్గురం ఒకేసారి ఏడవడం అదే మొదలు.

తర్వాత ఆవిడ మిషను పెట్టుకుని అంతా విన్నాక, పిల్లని పంపనండి అని చెప్పాను.

"నాకు కావలసిందీ అదేనే," అన్నారావిడ. "పిల్లని పంపమంటే కాదంటావేమో, ఆ వంకనైనా నీలో చలనం వస్తుందేమోనని అడిగాను. సరేనండి అన్నావు. అప్పుడే భయమేసిందమ్మా నాకు, వాడు పోయినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు."

గురువారం ఆవిడ ఒక్కరే వెళ్ళారు. విమానాశ్రయంలో పిల్ల చేతిలో ఇంత ఆవకాయ డబ్బా పెట్టి, మీ అమ్మని ఎండలో కూర్చోబెట్టవే అన్నారు. ఈ దేశంలో ఎండ ఎక్కడిదో ఆవిడకే తెలియాలి.

తాళాల గుత్తి నా దగ్గర పెట్టుకున్నాను. ఇంక బయట నిలబడితే కాళ్ళు విరగ్గొడతానని పిల్లకి చెప్పాను. అది తలూపింది గాని నమ్మినట్టు లేదు.

శుక్రవారం పొద్దున్న కళ్ళు తెరిచాను. ఇల్లంతా నిశ్శబ్దం. నేను నిజంగా లేస్తానా, లేవనా అని నాకే తెలియలేదు. మొదటిసారి భయం అనిపించింది, అది అనిపించినందుకు కాస్త ధైర్యం కూడా వచ్చింది. కాళ్ళు కింద పెట్టాను. మెట్లు దిగి, హాల్లో నిలబడి, వీధి తలుపు తీశాను. చలి. రోడ్డు మీద చెత్తబుట్టలు. మెట్టు మీద ఎవరూ లేరు. రేడియేటర్ మీద మేజోళ్ళు పొడిగా ఉన్నాయి.

వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా తీశాను. చెయ్యి ఎప్పటిలాగే పోయబోయింది. ఆపి, ఇద్దరికి సరిపడా పోసి, ఎసరు పెట్టి, పిల్లని లేపడానికి పైకెళ్ళాను.